రాజమౌళి ఛీ అంటే వాన

మొయినాబాద్‌లో రాజమౌళి ఇస్త్రీ దుకాణమంటే శుభ్రానికి పెట్టింది పేరు. పొద్దున్నే షట్టరెత్తి, బల్ల తుడిచి, తుడిచిన గుడ్డను ఉతికి ఆరేసి, అప్పుడు గానీ ఇస్త్రీపెట్టె ముట్టుకోడు. అలాంటి మనిషి ఇంట్లో, ఫ్రిజ్ పక్కనే ఒక గాజుతొట్టి. అందులో నల్లటి వీపు, నారింజరంగు పొట్ట, నాలుగు కాళ్ళు, ఒక తోక ఉన్న జీవాలు రెండు. కూతురు కావ్య సాకుతోంది. న్యూట్లు అంటారట వాటిని. ఆయనకు నోరు తిరగక నీట్లు అనేవాడు.

"పేరు నీటు, పని గలీజు," అని రోజూ ముక్కు మూసుకునేవాడు. అనక ఏంచేస్తాడు పాపం! వాటి తిండి వానపాములు. ఆ వానపాముల డబ్బా ఉండేది ఫ్రిజ్‌లో, పెరుగుగిన్నె పక్కన. పైగా అవి ఒంటిమీది తోలును చొక్కా విప్పినట్టు విప్పి, దాన్నే మింగేసేవి. ఒకసారి అన్నం తింటూ ఆ ముచ్చట చూసి, కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచిపోయాడు.

ఆ జూన్‌లో ఒక సాయంత్రం దుకాణం మూస్తుంటే, షట్టర్ కింద మెత్తగా ఏదో తగిలింది. చూస్తే కప్ప. వెనక కాలు విరిగి వేలాడుతోంది.

"ఛీ!" అన్నాడు.

కప్ప బెకబెకమంది. వెంటనే దాని చుట్టూ, మంచం పట్టేంత మేర, వాన కురిసింది. పక్కన నేల పొడిగానే ఉంది.

అప్పుడే డ్యూటీ దిగి వస్తున్న కావ్య దాన్ని తడిగుడ్డలోకి తీసుకుంది. "నీతోనే దెబ్బ తాకింది బాపు. మానేదాక మనమే సాకాలె."

"ఇప్పటికే రెండున్నయి గదనే!"

"వాటితోని కలపను. నీట్ల ఒంట్ల విషముంటది, దీనికి పడది. వేరే టబ్బుల పెడత."

"విషం గూడ ఉన్నదా? ఛీ!"

మళ్ళీ బెకబెక. కావ్య గొడుగు తెరిచింది.

ఆ టబ్బు ఏదో కాదు, ఇడ్లీపిండి కలిపే టబ్బు. కావ్య పశువుల డాక్టరునడిగి కప్ప కాలికి సన్నగా కట్టు కట్టింది. కప్ప ఊరికే అరిచేది కాదు. రాజమౌళి మనసారా అసహ్యించుకుని ఛీ అంటేనే అరిచేది, అది అరిస్తేనే వాన. ఇస్త్రీ బట్టల మీద ప్లాస్టిక్ కవర్లు పడ్డాయి. "బాపు, వానపాములు తీస్తున్న, అటు తిరుగు," అని కావ్య ముందే చెప్పడం మొదలుపెట్టింది.

బయట మాత్రం మబ్బు తునక లేదు. చేవెళ్ళ అవతల ఆయన చెల్లెలు రాములమ్మ పత్తిగింజలు పెట్టి ఆకాశం వైపు చూస్తోంది. మొదట పెట్టినవి మాడిపోయాయి. ఇవి రెండోసారి పెట్టినవి.

"అన్నా, ఇవి గూడ మొలవకుంటే చేను ఇడిసిపెట్టి చందనవెల్లిల కంపెనీ ఊడ్వబోత," అంది ఫోన్లో. "యూనిఫారం చీర గూడ ఇచ్చిన్రు. నీ ఇంట్ల కప్ప ఉన్నదట గద, తీస్కరా. రోకలికి కట్టి, ఇంటింటికి తిప్పి, నీళ్ళు పోయించి కప్పతల్లి ఆడుదం."

"కాలిరిగినదాన్ని రోకలికి కడ్తరా? చస్తది అత్తా!" అంది పక్కనే వింటున్న కావ్య. తండ్రి వైపు తిరిగింది. "నువ్వే దోసిట్ల పట్టుకొని చేనంత తిరుగు బాపు. సబ్బు రుద్దకు. వట్టి నీళ్ళతోని కడుక్కొని తడిచేతులతోనే పట్టుకో."

"నేనా? చేతులతోనా? ఛీ!"

కప్ప అరిచింది.

"చూసినవా, అది తయారే," అంది కావ్య, నెత్తిమీద నీళ్ళు తుడుచుకుంటూ.

చేవెళ్ళ రోడ్డు పొడుగునా ఆటోలోనే వాన. పక్కన కూర్చున్నాయన చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకుని, "జర తక్కువ అసయ్యపడన్నా, చెప్పులు కొత్తయి," అన్నాడు.

చేన్లో రాజమౌళి సాలు వెంట సాలు నడిచాడు. దోసిట్లో కప్ప చల్లగా, జిగటగా, చీమిడి తుడిచిన గుడ్డలా ఉంది. దాని గొంతు కింది తోలు ఆయన బొటనవేలికి తగులుతూ ఉబ్బుతోంది, తగ్గుతోంది. ఛీ అంటాడు, అది అరుస్తుంది, మంచమంత వాన ఆయనతో పాటు ముందుకు జరుగుతుంది. వెనకాలే రాములమ్మ.

సగం చేను తడిశాక వాన ఆగిపోయింది. "ఛీ!" అన్నాడు రాజమౌళి. కప్ప కళ్ళార్పింది, అంతే.

"ఏమైందన్నా?"

"అసయ్యమైతలేదే," అన్నాడు దోసిట్లోకి చూసుకుంటూ. "అలవాటైంది."

రాములమ్మ తడవని సాళ్ళ వైపు చూసింది. ఆమె మొహం చూసి ఆయన మళ్ళీ రెండుసార్లు ఛీ అన్నాడు గానీ, అవి ఉత్త ఛీలు.

"చిన్నప్పుడు నీ చాయ్‌ల ఈగ పడ్డది, యాదున్నదా?" అంది రాములమ్మ ఉన్నట్టుండి. "అవ్వ వేలు పెట్టి తీసింది. ఆ వేలు నాకి, ఇగ తాగు బిడ్డా అన్నది."

"ఛీ ఛీ ఛీ! ఇప్పుడెందుకే అది!"

వాన దబదబా పడింది. ఆ ఈగ మీదే మిగతా చేను చాలావరకు నడిచింది. ఆఖరి సాలు మూలకొచ్చేసరికి ఈగ కూడా పాతబడింది. సరిగ్గా అప్పుడే కప్ప ఉచ్చ పోసింది. అది వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా పాకింది. రాజమౌళి ఒంటికాలి మీద గెంతాడు, కెవ్వుమన్నాడు, కళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నాడు. దోసిలి మాత్రం విప్పలేదు. ఆయన నోట వచ్చిన ఛీకి ఆ మూలన చినుకులు గోళీలంత పడ్డాయి.

గింజలు మొలిచాయి. ఆ మూలన మరీ ఒత్తుగా.

"గీడ ఎందుకు గింత మంచిగ మొలిచినయన్నా?" అని రాములమ్మ అడిగితే, "అడుగకు," అన్నాడు.

యూనిఫారం చీర ఆమె బెదురుబొమ్మకు చుట్టింది. కాలు మానాక కావ్య కప్పను ఆ చేని గట్టునే వదిలేసింది.

ఆగస్టులో ఒక పొద్దున ఫోన్ మోగింది. "అన్నా, చేను వాడుతున్నది. స్పీకర్ ఆన్ చేసి గట్టు మీద పెట్టిన. జర అను."

రాజమౌళి గబగబా ఫ్రిజ్ తెరిచి వానపాముల డబ్బాలోకి చూశాడు. ఏమీ కాలేదు. గాజుతొట్టి దగ్గరికి ఉరికాడు. అదృష్టం, ఒక నీటు అప్పుడే తోలు విప్పుతోంది. తడి కవరు లాంటి ఆ తోలు తోకకు ఇంకా వేలాడుతుండగానే, ఇటు కొసను నోట్లో కుక్కుకుంటోంది. పొద్దున తాగిన చాయ్ ఆయన గొంతు దాకా వచ్చింది.

"ఛీ!" అన్నాడు ఫోన్లోకి, ఎంతో సంతోషంగా.

అవతల బెకబెకమంది. ఆ వెంటనే పత్తాకుల మీద చినుకుల చప్పుడు.

"సాలన్నా," అంది రాములమ్మ నవ్వుతూ, "తడుస్తున్న."