తెర మీద కొండ దిగిన పైడితల్లి

నేను ఒక సైకిలు యంత్రాన్ని. నాకు చక్రాలు లేవు. మీ సైకిలు వెనక చక్రాన్ని నాలో బిగిస్తే అది నా ఉక్కు రోలరు మీద తిరుగుతుంది, ఎదురుగా కంప్యూటరు తెర మీద బొమ్మ రోడ్డు పరుగెడుతుంది. అక్కడ ఎత్తు వస్తే నేను బిగుసుకుంటాను, పల్లం వస్తే వదులవుతాను. మంచు కురిసే దేశంలో, ఇంట్లోనే తొక్కుకోవడానికి నన్ను తయారుచేశారు. కొన్నదేమో ఓడ ఇంజనీరు! సముద్రాలు దాటుతూ, కిటికీ వైపు చూడకుండా, బొమ్మ రోడ్డు చూసి మురిసిపోయేవాడు. నాకంటే కొత్త యంత్రం రాగానే నన్ను విశాఖలో దించి, డేనియల్ మాస్టారి సైకిల్ క్లబ్బుకి ఇచ్చేశాడు.

అక్కడ నా మీదికి పైడితల్లి వచ్చింది. రైల్వే ఉద్యోగి, జిల్లాలో పేరున్న సైకిలిస్టు. సింహాచలం ఘాట్ రోడ్డు దిగుతూ పడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. పల్లం కనిపిస్తే చాలు, చేతులు బ్రేకు వదలవు. రాష్ట్ర పోటీ చూస్తే ఆ ఘాట్ మీదే!

తెరలో మొదటి పల్లం రాగానే గట్టిగా బ్రేకు నొక్కేసింది.

"పడిపోతాను మాస్టారూ!"

"ఎక్కడికి పడతావమ్మా? అంగుళం కదల్లేదు కదా!"

అందరూ ఘొల్లుమన్నారు. ఆమె కళ్లు తుడుచుకుని, "తెర మీద ఆ కొండ మళ్లీ ఎట్టండి" అంది.

రోజూ ఎక్కింది, దిగింది. ఒక సాయంత్రం మలుపులు గిర్రున ముంచుకొస్తుంటే, బ్రేకు మీది వేళ్లు ఒక్కొక్కటే లేచాయి. నా రోలరు ఈల వేసింది.

"వొదిలేసినాను మాస్టారూ! వొదిలేసినాను!"

నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. కాళ్లుంటే నేనూ గంతులేసేదాన్ని.

పోటీ రోజు ఖాళీ క్లబ్బులో ఒక్కదాన్నే ఉండిపోయాను. ఎంతకీ తెల్లారినట్టే లేదు, ఎంతకీ పొద్దెక్కినట్టే లేదు. చివరికి వీధిలో సైకిలు గంటల మోత! పైడితల్లి లోపలికి దూసుకొచ్చింది. మెడలో వెండి పతకం, మోచేతి నిండా నెత్తురు. మాస్టారి భార్య సువార్తమ్మగారు హడలిపోయారు.

"అయ్యో, మళ్లీ పడ్డావేటే?"

"పడ్డానమ్మా! లేచి మళ్లీ దిగేసినాను! చెవుల్లో ఒకటే హోరు గాలి. ఈ యంత్రం కొండ మీద అది లేదు!"

మర్నాడు మాస్టారు నన్ను తుడిచి సిద్ధం చేశారు. ఆమె నా వైపు చూడనైనా చూడకుండా సైకిలు తీసుకుని ఘాట్ వైపు వెళ్లిపోయింది.

ఇప్పుడు క్లబ్బు షెడ్డులో తుప్పు పడుతున్నాను. నన్ను వదిలేసినవాళ్లు చాలామంది. నేను సంతోషంగా సాగనంపింది మాత్రం ఆమెనొక్కదాన్నే.