పైపు కింద మెట్టతామరలు

పెద్దకోడలు కింది వాటాలో, చిన్నకోడలు పై వాటాలో. ఇద్దరూ ఉప్పూ నిప్పులా ఉండబట్టి చాలా నెలలైంది. గొడవేమంత పెద్దదా అంటే, పై ఏసీ పైపు నీళ్ళు కింద ఆరేసిన బట్టల మీద పడ్డాయి. అంతే. మాటా మాటా పెరిగి, చివరికి మాటలే పోయాయి. మొగుడు తమ్ముడి ఊసెత్తబోతే, "పై వాటా కబుర్లు నాకొద్దు" అని పెద్దకోడలు నోరు మూయించేది. తను తలెత్తి అటు చూస్తే ఒట్టు.

ఆమె ప్రాణమంతా మెట్టతామరల మీదే. పోయిన అమ్మ తన కాలవగట్టు పెరట్లోంచి తవ్వి ఇచ్చిన దుంపలవి. ఆ ఇల్లూ అమ్మేశారు. అమ్మ గుర్తుగా ఇంకేమీ మిగల్లేదు. ఆ మొక్కల మొదళ్ళు ఎప్పుడూ తడిగా ఉండాలి. ఇక్కడేమో సముద్రపు ఇసుక, బిందెడు పోస్తే బిందెడూ మింగేస్తుంది. బోరు నీళ్ళు ఉప్పుకషాయం. అవి పోస్తే ఆకుల అంచులు మాడిపోయాయి. ఒక్కో మొక్కా చచ్చిపోతుంటే ఆమె పెరట్లో కూర్చుని ఏడ్చింది.

ఏసీ పైపు కింద పడి ఉన్న కుండీలో మొక్క ఒక్కటే నిగనిగలాడింది. ఏసీ నీళ్ళలో ఉప్పుండదు మరి! పెద్దకోడలు గుట్టుచప్పుడు కాకుండా ఒక తొట్టి తెచ్చి, మిగిలిన దుంపలన్నీ ఆ పైపు కిందే నాటింది. తిట్టిపోసిన నీళ్ళే దిక్కయ్యాయి. సిగ్గుపడాల్సిందే కానీ, ఆమె పడలేదు.

ఎండలు ముదిరినా మొక్కలు నడుమెత్తు పెరిగి, విరగబూశాయి. ఒక ఉదయం ఆకు మీద తెల్లగా ఏదో కనబడితే తీసి చూసింది. బియ్యపు గింజ.

ఏసీలోంచి బియ్యం కారటమేమిటి?

ఒట్టు తీసి గట్టున పెట్టి తలెత్తింది. గోడకు ఏసీ లేదు. ఖాళీ ఇనప చట్రం, వేలాడే పైపు మాత్రం ఉన్నాయి. చిన్నకోడలు బాల్కనీలోంచి వంగి, బియ్యం కడిగిన నీళ్ళు ఆ పైపులో పోస్తోంది.

"ఏసీ ఏదే?"

చిన్నకోడలు ఉలిక్కిపడింది. "వేసవికి ముందే అమ్మేశాం అక్కా. ఆయన ఉద్యోగం పోయింది."

"మరి ఈ నీళ్ళు?"

"బియ్యం మంచినీళ్ళతోనే కడుగుతాంగా, ఉప్పుండదు. మీ అమ్మ మొక్కలు కదా, ఎండిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకోను?"

పెద్దకోడలు ఆ ఖాళీ చట్రం వంక మళ్ళీ చూసింది. నెత్తిన కాపురం కష్టాల్లో ఉంటే, తను కింద పూలు చూసుకుని మురిసిపోయింది. ఆ సిగ్గంతా కోపమై బయటికొచ్చింది.

"ఉద్యోగం పోయిందని నాతో ఒక్క మాట చెప్పొద్దటే?"

"ఎలా చెప్పను అక్కా?" అంది చిన్నకోడలు. "మనకి మాటల్లేవుగా."