ఉదాహరణకి మా ఆవిడ

నేను క్లిఫర్డ్ చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే, ఆయన అచ్చు ప్రూఫుల కట్ట తెచ్చి బల్ల చివర పెట్టాడు. "కామాలు చూసిపెట్టు గ్లెనిస్. నీ కంటికి ఏ తప్పూ దాగదు," అన్నాడు. నేను మురిసిపోయాను కూడా.

అది మా ఆయన పుస్తకం. గర్విష్ఠుల్నీ, తమ మీద తమకి అతి నమ్మకం ఉన్నవాళ్ళనీ ఇంగ్లీషులో ఏమేమంటారో ఆ మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆయన మా హడర్స్‌ఫీల్డ్ ఊళ్ళో ఇంగ్లీషు మాస్టారు. ఆ మాటలు మాత్రం బళ్ళో దొరికినవి కావు, మార్కెట్‌లో నా మిఠాయి కొట్టు ముందు దొరికినవి. అందరినీ తోసుకొచ్చే ఆడమనిషిని చూసి చేపలమ్మే ఐవీ, "పైన బొచ్చు కోటు, లోపల లంగా కూడా లేదు," అనేది. కొత్తగా మేస్త్రీ అయి మిడిసిపడేవాణ్ణి 'ఎత్తు గుర్రం ఎక్కాడు' అనేవాళ్ళు. నేను పిప్పరమెంట్లు తూస్తూనే కాగితం సంచీ మీద రాసుకుని, ఆదివారాలు అట్టముక్కల మీదికి ఎక్కించేదాన్ని. అలా తొమ్మిదేళ్ళు ఏరిన మాటలతోనే ఆయన పుస్తకం కట్టాడు.

నలభై మూడో పేజీలో 'బూట్లు చాలనంత ఎదిగిపోవడం' అన్న మాట ఉంది, అంటే తన అంతస్తు మరిచి విర్రవీగడం. దాని కింద ఉదాహరణ: 'నలభై రెండేళ్ళకి కాలేజీకి దరఖాస్తు పెట్టిన మిఠాయిల ఆవిడకి బూట్లు చాలకుండా పోయాయి.'

ఇస్త్రీపెట్టె తీగ పీకేశాను. ఆ దరఖాస్తు సంగతి లోకంలో క్లిఫర్డ్‌కి ఒక్కడికే తెలుసు. మార్చిలో సీటు లేదని ఉత్తరం వచ్చినప్పుడు స్నానాలగదిలో నేల మీద కూర్చుని ఏడ్చాను. పక్కన కూర్చుని తల నిమిరాడు. "ఎవరికీ చెప్పన్లే," అన్నాడు. నిమురుతూనే ఈ వాక్యం అల్లుకున్నాడేమో. మిగతా పేజీలు తిరగేస్తే చర్చిలో పాడబోయి గొంతు తప్పిన ఆవిడ, నలుగురిలో మొగుడి వ్యాకరణం దిద్దిన ఆవిడ, అందరూ నేనే. ఈ మాటలు పైనున్నవాళ్ళని దించడానికి పుట్టాయనుకుని ఇన్నాళ్ళూ నవ్వుకుంటూ ఏరాను. లేవబోయేవాళ్ళని కూలేయడానికీ ఇవే వాడతారని నాకెందుకు తట్టలేదు? అంత పుస్తకంలో క్లిఫర్డ్ లాంటివాడు ఒక్కడూ లేడు.

ఆదివారం భోజనాల దగ్గర అడిగాను.

"పేరు రాయలేదుగా," అన్నాడు బంగాళాదుంపలు వడ్డించుకుంటూ. "ఉదాహరణంటే ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా."

అత్తగారు పళ్ళెం నావైపు జరిపింది. "మా వాడి పుస్తకంలో చోటు దొరికింది. ఇంకా ఆ మూతి ముడుపెందుకమ్మాయ్? కాస్త గ్రేవీ పొయ్యి."

పోశాను. సోమవారం కొట్టు తెరవకముందే ప్రచురణకర్తలకి ఉత్తరం రాశాను. మాటలు సేకరించింది నేను, అట్టముక్కలన్నీ నా చేతిరాతలో నా దగ్గరే ఉన్నాయి అని. నమూనాకి ఇరవై జతచేశాను.

మూడు వారాలకి వాళ్ళ దగ్గర్నుంచి క్లిఫర్డ్ పేరున కవరొచ్చింది. సేకరించిన మనిషి ఒప్పుకోలు లేకుండా అచ్చుకి పంపరట. పెళ్ళయ్యాక మొదటిసారి నాకు టీ కలిపి తెచ్చాడు. పక్కనే కాగితం, మూత తీసిన కలం.

"చిన్న సంతకమే కదా గ్లెనిస్. మనలో మనకేమిటి? లోపల నీకు కృతజ్ఞతలు కూడా రాస్తాను."

టీ తాగాను. బాగానే కలిపాడు.

"కృతజ్ఞతలు నువ్వు తీసుకో," అన్నాను. "పుస్తకం అట్ట మీద పేరు నాది వేయించు. అప్పుడు సంతకం పెడతాను."