లాలీపాప్ ఆదివారం

పదిహేనేళ్లు మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన నరెల్ కాళ్లతో కంటే నోటితోనే ఎక్కువ ఆడింది. ఆమె వెనక గోల్‌కీపర్‌గా నిలబడ్డ నేను తినని తిట్టు లేదు. మోకాలు మొరాయించాక, మా న్యూకాజిల్ ఫుట్‌బాల్ క్లబ్బులోనే తొమ్మిదేళ్ల ఆడపిల్లలకు కోచ్ అయింది. ఖర్మ కొద్దీ ఆమె మొదటి మ్యాచ్ మౌన ఆదివారం నాడే పడింది. ఏడాదికోసారి వచ్చే ఆ రోజున మైదానం గీత బయట ఉన్న పెద్దలెవరూ నోరు విప్పకూడదు. అందుకని క్లబ్బువాళ్లు తలా ఒక లాలీపాప్ ఇస్తారు. ఈసారి పంచే పని నాది.

"నాకు రెండివ్వవే," అంది నరెల్.

"నీ నోటికి డబ్బా మొత్తం ఇచ్చినా చాలదులే," అన్నాను.

సగం ఆట అయ్యేసరికి రెండూ పుల్లలతో సహా నమిలేసింది. మా పిల్లలు ఒక గోలు వెనకబడ్డారు. అప్పుడు మైదానం మధ్యలోంచి ఒక అరుపు వినిపించింది.

"నీ వెనకే ఉంది, చూసుకోవే. ఎడమ పక్కకి తన్ను. నిద్రపోతున్నావా?"

అరిచింది మీలా. ప్రాక్టీసులో పేరడిగినా గొణిగే పిల్ల. బంతి ఎడమకి వెళ్లింది, అక్కణ్ణుంచి గోల్లోకి వెళ్లింది.

నరెల్ నా చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది. "నేనూ ఇంత ఘోరంగా అరిచేదాన్నా?"

నా నోట్లో లాలీపాప్ ఉంది కాబట్టి తల ఊపాను. చాలాసేపు ఊపాను.