దీపస్తంభంలో తాళం వేసిన గది

మా ఆయన నీలం పెట్టెకు కొత్త జిప్పు వేయించుకొచ్చిన రోజున నాలో అనుమానం మొదలైంది.

ఆ పెట్టె ఏళ్ళ తరబడి తాడు కట్టుకుని అటక మీద పడి ఉంది. మేము ప్రయాణమేదీ పెట్టుకోలేదు. ఆయన దాన్ని తడిగుడ్డతో తుడిచి, జిప్పును అటూ ఇటూ లాగి చూసి, మంచం పక్కన నిలబెట్టారు. ఎందుకని అడిగితే, "ఊరికే. పాడైనవి ఇంట్లో ఎందుకని" అన్నారు. వంటింటి కుళాయి మాత్రం అప్పటికి ఎన్నాళ్ళనుంచో కారుతూనే ఉంది.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. రోజంతా ఎదుటివాళ్ళ కళ్ళముందు అద్దాలు మారుస్తూ "ఇదా, అదా? ఏది స్పష్టంగా ఉంది?" అని అడగడమే పని. ఇంట్లో మాత్రం ఏదీ అడగరు. అటువంటి మనిషి ఈమధ్య పడగ్గదిలోకి వచ్చే ముందు తలుపు తడుతున్నారు. నేను ఫోన్లో మాట్లాడుతుంటే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతున్నారు. కోపమైతే నాకు అలవాటే. ఈ మర్యాదకే అర్థం వెతుక్కోవలసి వచ్చింది. వెళ్ళిపోదామని నిశ్చయించుకున్న మనిషి ఇలాగే మెత్తబడతాడేమో. ఆ పెట్టె ఆయన కోసమేనని తేల్చుకున్నాను. అనుమానంలో ఒక సుఖం ఉంది. ఒకసారి మొదలైతే ఇంట్లోని ప్రతి వస్తువూ దానికి సాక్ష్యం చెబుతుంది.

నేను డబ్బింగ్ చెబుతాను. ప్రకటనలకు, సినిమాలకు, ఎప్పుడైనా కంప్యూటర్ ఆటలకు. కొన్నేళ్ళ కిందట ఒక ఆటలో సముద్రతీరపు దీపస్తంభం కాపలాదారు భార్యకు గొంతిచ్చాను. రికార్డు చేసింది మా మరిది. ఆ పని అప్పుడే ముగిసిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మరిది భార్య మా ఇంటికి వచ్చింది. ఆవిడకు ఆటలంటే ప్రాణం. చెప్పులు విప్పుతూనే అందుకుంది.

"ఏడిపించేశావు పో అక్కా. నీ కొత్త భాగం కొన్నా."

"ఏ కొత్త భాగం?"

"దీపస్తంభం ఆటకి డీఎల్‌సీ, అదే అదనపు భాగం, వచ్చిందిగా. పైన తాళం వేసిన గది ఒకటి ఉంటుంది. మొదటి రోజునుంచీ ఆ తలుపు కనిపిస్తూనే ఉంటుంది. తెరవాలంటే మాత్రం విడిగా కొనుక్కోవాలి. ఇల్లు అమ్మేసి, పడగ్గదికి మళ్ళీ బేరం పెట్టినట్టు. తిట్టుకుంటూనే కొన్నాలే."

"నేను కొత్తగా ఏమీ చెప్పలేదే."

"నా దగ్గరా నీ నటన? వచ్చినప్పుడల్లా ఫ్యాను ఆపావా, లైటు ఆపావా అని నన్ను సాధించే గొంతు నాకు తెలీదా?" అని నవ్వింది. "అవునూ, ఆ కాలంలో జిప్పులు ఉండేవా? పెట్టెకి జిప్పు చెడిపోయిందట, తాడు కట్టిందట. ఎవడు రాశాడో గానీ, లాంతరు వెలుగులో జిప్పు పెట్టె సర్దించాడు."

నేను నవ్వలేదు. తెరిచి ఉన్న పడగ్గది తలుపులోంచి నీలం పెట్టె కనిపిస్తోంది.

నా గొంతును యంత్రంతో తయారు చేశారేమోనని అంతవరకు అనుకున్నాను. యంత్రానికి తాడు సంగతి ఎలా తెలుస్తుంది?

ఆమె వెళ్ళాక ఇంటి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా గొంతును నేనే డబ్బిచ్చి కొనుక్కోవడానికి సిద్ధపడ్డాను. కొనమని అడగవలసిన చోట తెర మీద "ఇది ఇప్పటికే మీ సొంతం" అని ఉంది. ఈ ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను కొనలేదు.

గది తెరుచుకుంది. కిటికీ దగ్గర ఆ కాపలాదారు భార్య కూర్చుని ఉంది. మొదటి మాటలు నేను పాత సన్నివేశాల్లో చెప్పినవే. ఒక్కో మాటా ఒక్కో చోటినుంచి కోసి అతికించారు. ఆ తర్వాత గొంతు మారింది. అది ఆమెది కాదు, నాది.

"వెళ్ళిపోదామనే అనుకున్నా. పెట్టె కూడా సర్దేశా. జిప్పు చెడిపోతే తాడు కట్టా. ఆయనకి చెప్పలేదు."

ఆ పైన సముద్రపు హోరు.

నాకు గుర్తొచ్చింది. రికార్డింగ్ విరామంలో, మైకున్న ఆ చిన్న గదిలోనే నిలబడి మా చెల్లెలికి ఫోన్ చేశాను. ఈ మాటలు అన్నాను. వాటి తర్వాత ఏమన్నానో ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. ఏదో మంచి మాటే అని ఉంటానని మనసు నచ్చచెప్పింది. నా విషయంలో నా మనసు చెప్పేదాన్ని నమ్మడం నేను చాలాకాలం కిందటే మానేశాను.

మరిది స్టూడియో రెండు వీధుల అవతల. నన్ను చూడగానే హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చాడు.

"రా వదినా. ఏంటి, గొంతులో జలుబు పలుకుతోంది?"

"దీపస్తంభం రికార్డింగ్ ఆ ఆట కంపెనీవాళ్ళకి కోసి ఇచ్చావా, మొత్తం ఇచ్చావా?"

అతని చెయ్యి కుర్చీ మీద ఆగింది. "మొత్తం. విరామంలో కూడా నేను మిషను ఆపను, నీకు తెలుసుగా. ఆపి మళ్ళీ పెడితే వెనక గది చప్పుడు ముందుదానితో కలవదు. అంతా పంపమన్నారు, పంపేశా."

"విరామంలో నువ్వు వింటావా?"

"హెడ్‌ఫోన్స్ తీసేస్తా."

"ఎప్పుడూనా?"

"చాలావరకు" అన్నాడు, మెడలోని హెడ్‌ఫోన్స్‌ను చొక్కా అంచుతో తుడుస్తూ. "వాళ్ళకి మన భాష రాదు వదినా. మాటలు చూసుకోరు. ఏడుపు ఎక్కడ బాగుంటే అక్కడ కోసుకుంటారు."

"నా ఏడుపు బాగుందన్నమాట."

అతను తల వంచుకున్నాడు. "తీసేయమని ఈ రోజే రాస్తా."

"రాయి. ముందు ఆ రోజుది కోత లేకుండా నా ఫోన్లో వెయ్యి."

"ఇక్కడే విని పోరాదూ?"

"వద్దు."

ఎందుకు వద్దన్నానో దారిలో ఆలోచించాను. ముందుగా నేను వింటే, దాన్ని ఆయనకు వినిపించాలా వద్దా అని ఎంచుకునే అధికారం నాకు వస్తుంది. మంచిగా ఉంటే వినిపిస్తాను, లేకపోతే దాస్తాను. అప్పుడు సగం కోసి అమ్మినవాళ్ళకూ నాకూ తేడా ఏముంటుంది? ఆయన ఇన్నాళ్ళూ మోస్తున్నది సగం మాట. మిగతా సగం ఇంకా బరువైనదైనా అది ఆయనకు చెందవలసినదే.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన భోజనాల బల్ల దగ్గర ఎవరిదో కళ్ళజోడు మర బిగిస్తున్నారు.

"ఆ భాగం కొన్నది మీరేనా?"

మర బిగించడం పూర్తి చేశారు. "నేనే. ఇంట్లో నువ్వు మాట్లాడేది తక్కువ. కొనుక్కోవాల్సి వచ్చింది."

"పెట్టె?"

"ఈసారి తాడు కోసం వెతుక్కోకూడదని."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే ఊపిరి పీల్చుకునేదాన్ని.

"వాళ్ళు అమ్మింది సగమే. మిగతాది ఇందులో ఉంది" అని ఫోన్ బల్ల మీద పెట్టాను.

"ఏముంది?"

"నాకూ తెలీదు."

"వినకుండానే తెచ్చావా?"

"వినలేదు."

ఆయన నా కళ్ళలోకి చూశారు. కంటిపరీక్ష అక్షరాల అట్టను ముందే బట్టీపట్టి వచ్చి చదివేవాళ్ళను, వాళ్ళ కళ్ళను చూసే ఆయన పట్టేస్తారు. ఆ చూపును నేను దుకాణంలో ఎన్నోసార్లు పక్కనుంచి గమనించాను. నా మీద పడడం ఇదే మొదలు. తర్వాత కుర్చీని దగ్గరకు లాక్కున్నారు.

"పెట్టు."

కాగితాల గరగర. అడుగుల చప్పుడు. నా గొంతు. వెళ్ళిపోదామనే అనుకున్నా. పెట్టె. తాడు. ఆయనకి చెప్పలేదు. ఆటలో సముద్రం వచ్చిన చోట ఇక్కడ సముద్రం లేదు. చెల్లెలు అవతలినుంచి ఏదో అడిగి ఉండాలి. నేను ఊపిరి తీసుకోవడం వినిపించింది.

"ఏమోనే. ఉండాలని ఉందో లేదో నాకే తెలీదు." కాగితాలు సర్దిన చప్పుడు. "సరే, ఉంటా మరి. ఆయన వచ్చే వేళయింది. తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. పాపం, బయట నిలబడతారు."

ఆ వెంటనే, రికార్డింగ్ గది స్పీకర్లోంచి మరిది గొంతు. "వదినా, నువ్వు ఇంటికెళ్ళిపో. మిగిలింది రేపు చేద్దాం."

హెడ్‌ఫోన్స్ తీయలేదన్నమాట.

నేను ఆశించిన మాట అందులో లేదు. భయపడిన మాట కూడా లేదు. ఒక తాళంచెవి ఉంది, అంతే. ప్రేమ కోసం ఉండిపోయానని చెప్పుకోవడానికి వీల్లేదు. లేదని చెప్పడానికీ వీల్లేదు.

"ఆ రోజు నాకు గుర్తుంది" అన్నారు ఆయన. "మెట్ల మీద కూర్చున్నా. రొప్పుతూ వచ్చావు. పాపం, ఎందుకీ అవస్థ అని మర్నాడే రెండో తాళంచెవి చేయించా."

ఆ మాటకు అర్థం ఇద్దరికీ ఒకేసారి తగిలినట్టుంది. ఆ రెండోది ఒక్కరోజు ముందే ఉండి ఉంటే నేను ఏమి చేసి ఉండేదాన్నో ఆయన అడగలేదు.

ఆయన తన గుత్తిలోంచి ఇంటి తాళంచెవి విడదీసి నా ముందు పెట్టారు.

"ఇదేంటి?"

"నీ దగ్గరే ఉంచు. నేను మెట్ల మీద కూర్చుంటా. అలవాటేగా."

నవ్వారో లేదో సరిగా తెలియలేదు. అది నమ్మకమో పరీక్షో కూడా తెలియలేదు.

మర్నాడు పని ముగించుకుని వచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "త్వరగానే వచ్చావే" అని పక్కకు జరిగారు. ఆ మాటను కూడా ఇటూ అటూ తిప్పి చూశాను. తర్వాత తాళం తీశాను.

మంచం పక్కన నీలం పెట్టె లేదు. అటక మీదకు ఎక్కించారో లేదో నేను తలెత్తి చూడలేదు.