ఐదూ నలభైకి పచ్చగా ఉండే వీధి

ఊళ్ళో ఏ సందులో సిగ్నల్ ఎంతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషికి, సొంత ఇంట్లో ఫోన్ మాట్లాడాలంటే మాత్రం బాత్రూమ్ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టాల్సి వచ్చేది. అదీ టవరుగారి ఖర్మ.

టవరు అనేది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. మనిషి ఆరడుగుల రెండంగుళాలు, పైగా సెల్‌ఫోన్ కంపెనీలో పని. రెండూ చూసి వీధివాళ్ళు పెట్టేశారు. ఆ పనేమిటంటే, కంపెనీ కారు నెత్తిన ఒక పెట్టె బిగించి ఉంటుంది. పెట్టెలో నాలుగు ఫోన్లు, పక్క సీట్లో లాప్‌టాప్. తెల్లవారకముందే బయల్దేరి, కంపెనీ చెప్పిన దారిలో కారు మెల్లగా పోనివ్వాలి. ఆ నాలుగు ఫోన్లూ వాటంతటవే పెద్దపెద్ద ఫైళ్ళు దించుకుంటూ, నెట్ ఎంత వేగంగా వస్తోందో రాసుకుంటూ పోతాయి. వేగం బాగుంటే లాప్‌టాప్‌లో మ్యాపు మీద పచ్చ చుక్క, అంతంతమాత్రమైతే పసుపు, బాగోకపోతే ఎరుపు. పదకొండేళ్ళుగా టవరుగారు తెచ్చిన మ్యాపులన్నీ వానాకాలం చేలలాగా పచ్చగా ఉండేవి.

"నీ చేతిలో ఏదో మహత్తుందయ్యా" అనేవాడు సూపర్‌వైజర్.

"ఆ చేత్తో ఒక్కసారి మన వంటింటిని కూడా ముట్టుకోండి" అనేది భార్య.

ఇంట్లో సరిగ్గా పనిచేసే ఫోన్ ఒక్కటే. అది అత్తగారి బటన్ల ఫోన్. రంగు పోయి, నంబర్లు చెరిగిపోయి, వెనకాల రబ్బరు బ్యాండుతో బతుకుతోంది. అయినా ఎప్పుడు చూసినా నిండా సిగ్నలే. ఆఫీసులో ఇంటి నంబరు అడిగితే టవరుగారు కూడా సిగ్గు విడిచి అత్తగారి నంబరే ఇచ్చాడు.

"అరిచి మాట్లాడే కాలం చూశాను. మెసేజుల కాలం చూశాను. తర్వాత ఫొటో పైనుంచి కిందికి మెల్లగా దిగే కాలమొచ్చింది. మా తమ్ముడి మనవరాలి ఫొటో నుదురు దాకా వచ్చి ఆగిపోతే, ఆ నుదురు చూసే 'అచ్చం మా నాన్నే' అని చెప్పేశాను. ఇప్పుడేమో ఫైవ్‌జీ అట. నుదురు కూడా రావట్లేదు" అనేది ఆవిడ.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి, కుట్టు క్లాసు గొడవ వచ్చేదాకా.

టవరుగారి భార్య ఇరవై రెండేళ్ళు మిషను తొక్కింది. మోకాళ్ళు అరిగిపోయాయి, డాక్టరు ఇంక తొక్కొద్దన్నాడు. కాళ్ళు మొరాయిస్తే ఏం, చేతిలో విద్య ఎక్కడికి పోతుంది? ఆన్‌లైన్‌లో కుట్టుపని నేర్పే బడి ఒకటి టీచర్ల కోసం చూస్తోందని తెలిసి దరఖాస్తు పెట్టింది. వాళ్ళు ఒక్క నమూనా క్లాసు చెప్పమన్నారు. నచ్చితే ఉద్యోగం. ఒక గురువారం సాయంత్రం ఆరింటికి, వంటింట్లో బల్ల మీద బట్ట పరిచి, చొక్కా కత్తిరింపు మొదలుపెట్టింది. అవతల పన్నెండు మంది నేర్చుకునేవాళ్ళు, వాళ్ళతో పాటు బడి పెద్ద మేడం.

పది నిమిషాలు కాలేదు, బొమ్మ ముందు పరిగెత్తింది, గొంతు వెనకబడింది. చెయ్యేమో భుజం దగ్గర గీత గీస్తోంది, మాటేమో ఇంకా నడుం దగ్గరే ఉంది. మాటని నమ్మినవాళ్ళు నడుం దగ్గర కోసేశారు, చేతిని నమ్మినవాళ్ళు భుజం దగ్గర కోసేశారు. ఆ తర్వాత ఆవిడ కత్తెర పైకెత్తి, నోరు తెరిచి, తొమ్మిది నిమిషాలు బొమ్మలా ఆగిపోయింది. పన్నెండిళ్ళలో పన్నెండు చొక్కాల గుడ్డ గంగపాలు.

పెద్ద మేడం మంచిది కాబట్టి సరిపోయింది. "మీ పనితనం తెలుస్తోందమ్మా. వచ్చే గురువారం ఇంకొక్క అవకాశం ఇస్తాను. అదీ ఇలాగే అయితే నేనేం చెయ్యలేను" అంది.

సోమవారం నాడు భార్య, తల్లి ఫోన్ తీసుకుని కంపెనీకే ఫోన్ కొట్టింది. మొగుడు పనిచేసే కంపెనీకే. అవతల ఒక అమ్మాయి తేనె పూసిన గొంతుతో పలికింది.

"మేడం, మీ వీధిలో మా నెట్ చాలా బాగుందండీ."

"నేను ఆ వీధిలోంచే మాట్లాడుతున్నానమ్మా."

"మా దగ్గర వేగం మూడొందల ఎనభై ఎంబీ చూపిస్తోందండీ. వీధి మొత్తం పచ్చగా ఉందండీ."

"ఎవడమ్మా ఆ చూసినవాడు? వాడికేమన్నా పచ్చకామెర్లా?"

"ఉద్యోగి నంబరు నూట పదిహేడండీ. ఎక్కడ ఎప్పుడు కొలిచారో వివరాలు మెసేజ్ పెడతానండీ. ధన్యవాదాలు."

అత్తగారు తలుపు పక్క మేకుకి వేలాడుతున్న అల్లుడి గుర్తింపు కార్డు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఒకటి, ఒకటి, ఏడు. అమ్మాయ్, ఈ ఫొటోలో ఉన్న పెద్దమనిషిని ఎక్కడో చూసినట్టుందే!"

టవరుగారు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి కంచం పక్కన అత్తగారి ఫోన్ ఉంది. మెసేజ్ తెరిచి ఉంది. 'మీ వీధి, మూడో దీపస్తంభం. ఉదయం ఐదూ నలభై. మూడొందల ఎనభై.' చదివి, కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాడు.

"అబద్ధం ఏం రాయలేదే. ఆ టైముకి అంతే వచ్చింది" అన్నాడు.

"ఐదూ నలభైకి ఎందుకు కొలుస్తారండీ?"

"రోడ్డు ఖాళీగా ఉంటుంది. ట్రాఫిక్కుండదు, పని తొందరగా అవుతుంది. అందరూ అలాగే కొలుస్తారు."

"మరి ఇంట్లో కొలవరా?"

"మేం కొలిచేది రోడ్డునే."

"అయితే మనం రోడ్డు మీద కాపురముంటున్నామా?"

టవరుగారు చెయ్యి కడుక్కుని నిదానంగా వివరించాడు. "చూడు, పాత సిగ్నల్ మొండిది. గోడలున్నా తోసుకుని లోపలికొచ్చేస్తుంది. అందుకే అత్తయ్య ఫోన్ పలుకుతుంది. ఈ కొత్తదానికి వేగం ఎక్కువే కానీ మొహమాటమూ ఎక్కువే. గోడ కనపడితే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది."

"కొత్తల్లుడన్నమాట" అంది అత్తగారు. "పిలిచి కూర్చోబెట్టాలి."

"పైగా సాయంత్రమయ్యేసరికి వీధంతా ఇళ్ళకి చేరి సినిమాలు పెట్టుకుంటారు. ఒక కుళాయికి వంద బిందెలు. అదే తెల్లారగట్ల అయితే ఒక్క బిందే."

"ఎవరిది?"

"నాది."

భార్య బల్ల మీద గీతలు గీసే చాక్‌పీసుని అటూ ఇటూ దొర్లించింది. తర్వాత తల్లి ఫోన్ తీసుకుని పెద్ద మేడానికి కలిపింది.

"మేడంగారూ, గురువారం క్లాసు సాయంత్రం కాకుండా పొద్దున్న ఐదూ నలభైకి చెప్తానండీ... అవునండీ, పొద్దున్నేనండీ... మా ఆయన మ్యాపులో ఆ టైముకి మాత్రమే నెట్ ఉందండీ."

పెద్ద మేడం కడుపుబ్బా నవ్వి ఒప్పుకుంది. చొక్కాలు పాడుచేసుకున్న పన్నెండు మందిలో ఎనిమిది మంది సరేనన్నారు. మిగతా నలుగురికి ఇంట్లో మళ్ళీ గుడ్డ ఇవ్వలేదు.

గురువారం తెల్లారగట్ల వీధివాళ్ళెవరూ లేవకముందే మూడో దీపస్తంభం కింద బల్ల వెలిసింది. బల్ల మీద బట్ట, కాలరు లోపల పెట్టే గట్టి గుడ్డ, కత్తెర, టేపు. ఇసుక పోసిన బకెట్లో చీపురు కర్ర దిగ్గొట్టి, దానికి ఫోన్ కట్టారు. కుక్కలు రాకుండా అత్తగారు కుర్చీ వేసుకుని, కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది.

టవరుగారు ఇవన్నీ సర్ది, "ధైర్యంగా చెప్పు" అని భార్యకి చెప్పి, తన డ్యూటీకి తాను కారెక్కి పోయాడు. అన్నీ ఆలోచించిన మనిషి ఒక్కటి ఆలోచించలేదు. రోజూ ఐదూ నలభై ప్రాంతంలో ఆ వీధిలోకి వచ్చే కారు ఎవరిది?

ఐదూ నలభై మూడుకి మలుపు తిరిగాడు. దూరంగా దీపం వెలుగులో భార్య చెయ్యి ఎంతో ఒడుపుగా తిరుగుతోంది. లాప్‌టాప్‌లో పచ్చ చుక్కలు టపటపా పడుతున్నాయి. సంతోషంగా ఇంకొంచెం ముందుకొచ్చాడు. చుక్క పసుపు అయింది. ఇదేమిటని తల పైకెత్తేసరికి అత్తగారు కుర్చీలోంచి లేచి, కుక్కని తరిమే కర్రని తన కారు మీదకే ఊపుతోంది. భార్య చేతులు ఆగిపోయాయి. చీపురు కర్రకి కట్టిన ఫోన్ వైపే చూస్తోంది. దాంట్లో ఎనిమిది మొహాల మీదా గుండ్రటి గీత గిరగిరా తిరుగుతోంది.

అప్పుడు వెలిగింది టవరుగారికి. కుళాయి కింద నాలుగు బిందెలు పెట్టింది తనే. నెత్తి మీదున్న పెట్టెలో నాలుగు ఫోన్లూ ఉన్న నెట్టంతా ఊడ్చేస్తున్నాయి.

లాప్‌టాప్‌లో 'ఆపు' అనే బటన్ ఉంది. నొక్కితే మ్యాపులో ఆ వీధి తెల్లగా ఉండిపోతుంది. తెల్ల మచ్చ అంటే పని చెయ్యనట్టు లెక్క, ఆఫీసులో సంజాయిషీ చెప్పుకోవాలి. పదకొండేళ్ళలో ఆయన మ్యాపులో ఒక్క తెల్ల మచ్చ లేదు. వేలు బటన్ మీద పెట్టి మళ్ళీ బయటికి చూశాడు. భార్య ఎడంచేత్తో మోకాలు పట్టుకుని నిలబడి ఉంది.

నొక్కేశాడు.

రెండు క్షణాల్లో ఫోన్లోంచి "మేడం, కనిపిస్తున్నారు, కనిపిస్తున్నారు!" అని కేకలు. టవరుగారు ఇంజను కూడా ఆపేసి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. వెనకాల పాలవాను వచ్చి ఆగి హారన్ కొట్టింది. గబగబా దిగి, నోటి మీద వేలు పెట్టుకుని దాని దగ్గరికి పరిగెత్తాడు.

"ఏంటి బాబాయ్, యాక్సిడెంటా?" అన్నాడు పాలవాను డ్రైవర్.

"కాదు, కాలరు."

డ్రైవర్ దిగొచ్చి కాసేపు చేతులు కట్టుకుని చూశాడు. కాలరు కొన మొన తేలేలా ఆవిడ సూదితో తిప్పి లాగిన తీరు చూసి, తన చొక్కా కాలరు తడుముకున్నాడు. "పిన్ని నేర్పితే నేనూ నేర్చుకుంటా బాబాయ్. నంబరియ్యి" అన్నాడు. టవరుగారు అత్తగారి నంబరిచ్చాడు.

క్లాసు పూర్తయింది. ఎనిమిది కాలర్లూ కాలర్లలాగే వచ్చాయి. పెద్ద మేడం మెచ్చుకుంది. "ఉద్యోగం మీదేనమ్మా. వచ్చే నెల ఒకటి నుంచి మొదలుపెట్టండి. రోజూ సాయంత్రం ఆరింటికి."

మొగుడూ పెళ్ళాలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వీధిలో అప్పుడే ఒక్కొక్క కిటికీలో దీపం వెలుగుతోంది.

ఆ సాయంత్రం ఆరింటికి టవరుగారు కారు మీది పెట్టె ఊడదీసి, బట్టలు ఉతికే టబ్బులో పెట్టుకుని ఇంట్లోకి తెచ్చాడు. గదులన్నీ తిరిగాడు. ముందుగది పసుపు. పడకగది ఎరుపు. వంటిల్లు అయితే ఎరుపుకే సిగ్గేసే ఎరుపు, సున్నా పాయింట్ నాలుగు. అత్తగారు టబ్బుకి రెండో చెయ్యి పట్టి వెంట తిరిగింది.

"నా మంచం కింద కూడా కొలవండి అల్లుడుగారూ, దానికెందుకు లోటు!"

నివేదికలో వివరం రాసే గడిలో ఎప్పుడూ 'రోడ్డు, ఉదయం' అని రాసేవాడు. ఈసారి తడుముకుంటూ రాశాడు: 'ఇల్లు. సాయంత్రం ఆరు. మనుషులు ఇంట్లో ఉండే టైము. రోజూ ఇంతే.' చివర్లో నూట పదిహేడు అని వేసి, బాత్రూమ్ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి పంపించాడు. ఇరవై నిమిషాలు పట్టింది. చెయ్యి తిమ్మిరెక్కింది.

గంట తర్వాత అత్తగారి ఫోన్ మోగింది. ఆవిడ స్పీకర్ పెట్టి అల్లుడికి అందించింది.

"ఏంటయ్యా ఇది? పొద్దున్న తెల్ల మచ్చ, సాయంత్రం ఎర్ర మచ్చ! ఆ వీధి పచ్చ అని పదకొండేళ్ళ నుంచి రాసింది నువ్వు కాదూ?" సూపర్‌వైజర్ గొంతు ఖంగున మోగింది.

"నేనే సార్. రాసింది రోడ్డు సంగతి సార్. ఇళ్ళ సంగతి ఎప్పుడూ రాయలేదు. తప్పు నాదే."

"తప్పొప్పులు తర్వాత. ముందు ఫోనెత్తడం నేర్చుకో. నీ నంబరుకి నాలుగుసార్లు చేశాను. అందుబాటులో లేరు, అందుబాటులో లేరు అని ఒకటే పాట. ఎక్కడ బలాదూరు తిరుగుతున్నావు?"

"వంటింట్లో ఉన్నాను సార్."

అవతల చప్పుడు లేదు.

"కట్టయిందా?" అంది అత్తగారు.

"మీ ఫోన్లో కట్టవ్వదు అత్తయ్యా. సార్ ఆలోచిస్తున్నారు."

చాలాసేపటికి గొంతు వినిపించింది, ఈసారి బాగా తగ్గి. "ఆ ఎరుపు అలాగే ఉంచు. పైకి పంపిస్తాను. ఇంకోటి... రేపు సాయంత్రం ఆ టబ్బు పట్టుకుని ఒకసారి మా ఇంటికి రా. మా ఆవిడ మేడెక్కితే గానీ పుట్టింటికి ఫోన్ చేసుకోలేకపోతోంది."

నెలాఖరుకి రెండు రోజులుందనగా ఇద్దరు మనుషులు నిచ్చెనతో వచ్చి, వాళ్ళ వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్న స్తంభానికి సిగ్నల్ ఇచ్చే చిన్న డబ్బా ఒకటి బిగించి పోయారు.

ఒకటో తారీఖు సాయంత్రం ఆరింటికి వంటింట్లో బల్ల సిద్ధమైంది. టవరుగారు ఉత్సాహంగా టబ్బు పట్టుకొచ్చాడు.

"ఎంతొస్తోందో ఒక్కసారి చూసి..."

"ఆరు నుంచి ఏడు దాకా దాని మీద చెయ్యి వేశారంటే ఈ కత్తెరతో ముందు మీ కాలరు కత్తిరిస్తాను" అంది భార్య. టబ్బు అత్తగారి మంచం కిందికి పోయింది. అత్తగారు మంచం మీద కూర్చుంది.

టవరుగారు పడకగదిలో చేతులు కట్టుకుని గోడ చూస్తూ కూర్చున్నాడు. తన పక్కనే ఎంత నెట్ వస్తోందో తెలియకుండా ఆయన గంటసేపు ఉండటం అదే మొదటిసారి. గోడ అవతల భార్య గొంతు గడగడా సాగిపోతోంది. అవతలివాళ్ళకి ఎలా చేరుతోందో ఆ దేవుడికే తెలియాలి.

ఆరుంపావుకి అత్తగారి ఫోన్ మోగింది, ఆవిడ తెచ్చి అల్లుడి చేతికిచ్చింది. పాలవాను డ్రైవర్.

"బాబాయ్, క్లాసులోనే ఉన్నా. చెయ్యి భుజం దగ్గరుంది, మాట కూడా భుజం దగ్గరే ఉంది. పిన్నికి చెప్పు, నేను కోసేస్తున్నా!"