దారి తప్పిన ఆరు నిమిషాలు

నేను ఒక అద్దె కారుని. పుట్టినప్పుడు అద్దె కారుని కాను. జర్మనీలో, మనుషుల కంటే మరచేతులే ఎక్కువగా తిరిగే ఒక కర్మాగారంలో, పెద్ద ఉద్యోగాల వాళ్ల కోసమని నన్ను తయారుచేశారు. మూడు పూతల నల్లరంగు వేశారు. వెనకసీటు తోలు మీద గీత పడిందని ఒకామె మొత్తం విప్పించి మళ్లీ కుట్టించింది. బ్రిటన్‌కి వెళ్లే బండి కాబట్టి స్టీరింగు కుడివైపు పెట్టి ఓడెక్కించారు. అక్కడ నా జాతిని ఎగ్జిక్యూటివ్ సెలూన్ అంటారు. తెలుగువాళ్లకి సెలూన్ అంటే క్షవరం చేయించుకునే చోటని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికి నా పొగరు సగం దిగిపోయింది.

మొదటి యజమాని ఒక కంపెనీ డైరెక్టరు. మూడేళ్లు నా వెనకసీట్లో కూర్చుని ఫోన్లో జనాన్ని ఉద్యోగాల్లోంచి తీసేశాడు. నాలుగో ఏడు ఆయన్నే తీసేశారు, నన్ను గ్లాస్గోలో అద్దెకార్ల కంపెనీకి అమ్మేశారు. అక్కణ్ణించి రోజుకొకడు. పాత స్కూలు స్నేహితుల విందుకని ఒకాయన తీసుకుని, హోటలు కిటికీలోంచి అందరికీ కనపడేచోట నిలబెట్టి, సొంతమేనని చెప్పుకున్నాడు. ఒక లాయరమ్మ కోర్టు ముందు నాలో కూర్చుని పది నిమిషాలు ఏడ్చి, అద్దంలో మొహం సరిచేసుకుని, నవ్వుతూ లోపలికి వెళ్లింది. ఎక్కడికో వెళ్లాలన్న తొందర కంటే ఎవరిలాగో కనిపించాలన్న తాపత్రయమే మనుషులకి ఎక్కువని నేను తేల్చేసుకున్నాను. ధనరాజు వచ్చేదాకా ఆ లెక్కే నడిచింది.

అది జూన్ నెల, శుక్రవారం. పొద్దున్న తొమ్మిదిన్నరకి పరుగెత్తుకొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. చిన్న కారు కావాలన్నాడు. సెలవుల రోజులు, చిన్నవన్నీ వెళ్లిపోయాయి, మిగిలింది నేనే. కౌంటరు దగ్గర పిల్ల నా గొప్పలు చెప్పబోతే, "నడుస్తుందా?" అని ఒక్క మాట అడిగి సంతకం పెట్టేశాడు. నా జీవితంలో నన్ను అలా అడిగినవాడు అతనొక్కడే.

ధనరాజుది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక పల్లె. విశాఖపట్నం నుంచి అరకు ఘాటీ మీద పన్నెండేళ్లు టాక్సీ నడిపాడు. భార్య కుసుమకి గ్లాస్గోలో ముసలివాళ్ల ఆశ్రమంలో పని దొరికితే ఆమె వెంట వచ్చాడు. ఆమె అన్న ఎర్రయ్య సరుకు ఓడల్లో పనిచేస్తాడు. తండ్రి పోయాక ఆమెను పెంచింది, చదివించింది, మేనత్త కొడుకు ధనరాజుకిచ్చి పెళ్లి చేసింది ఎర్రయ్యే. ఆ ఎర్రయ్య గురువారం సాయంత్రం నడిసముద్రంలో డెక్కు మీద గుండె పట్టుకుని కూలిపోయాడు. హెలికాప్టరులో స్కాట్లండు ఉత్తరాన ఒక దీవి ఆస్పత్రికి చేర్చారు. కుసుమ రాత్రి డ్యూటీ చేసి ఇల్లు చేరేసరికి నర్సు ఫోన్ చేసింది. మెలకువగా ఉన్నాడనీ, చెల్లెల్ని అడుగుతున్నాడనీ, ఇవాళే రమ్మనీ చెప్పింది. విమానంలో సీటు లేదు. రేవు ఊరికి కారులో అయిదు గంటల దారి. ఇవాళ దీవికి మిగిలిన పడవ ఒక్కటే, సాయంత్రం అయిదున్నరకి. గంటలో దాటిస్తుంది. అయిదింటికి గేటు వేసేస్తారు.

పదింబావుకి నన్ను వాళ్ల ఇంటిముందు నిలిపాడు. చక్రాల కింద కుసుమ నాలుగు నిమ్మకాయలు పెట్టింది. పెద్దపెద్ద వాళ్ల బూట్లు చూసినదాన్ని, నాకు నిమ్మకాయలేమిటా అనుకున్నాను గానీ, ఆమె ఒక్కో చక్రం దగ్గరా వంగి దండం పెట్టడం చూసి ఊరుకున్నాను. సంచి నా డిక్కీలో పడింది. పది ఇరవయ్యారు. ఇంజను నడుస్తోంది.

"అయ్యో, అమ్మ పంపిన ఇబూది మర్సిపోయినాను. అన్నియ్యకి పెట్టాల," అంటూ మళ్లీ పైకి పరుగెత్తింది.

నాలుగు అంతస్తులు. లిఫ్టు లేదు. తిరిగి వచ్చేసరికి పది ముప్పై నాలుగు. తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. వంటింట్లో వేలాడే తెలుగు కాలెండరు ఆమెకి కంఠతా వచ్చు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు వరకు రాహుకాలం.

"ఎక్కు కుసుమా, ఎల్లిపోదుం," అన్నాడు ధనరాజు.

"ఇప్పుడా? నానెక్కను బావా."

"సంచి ముందే పెట్టీసినాం కదే. సంచి బయటకొస్తే మనం బయల్దేరీసినట్టే. మనూర్లో అందరూ అలాగే సేస్తారు కదా."

"అన్నియ్య అలాగే సేసినాడు. మొన్న ఓడెక్కడానికెల్లినప్పుడు సంచి ముందు ఆటోలో పడీసి, నవ్వుకుంటా రాహుకాలంలో ఎల్లినాడు. నాను ఫోన్లో వద్దన్నాను. ఏటయ్యిందో సూసినావా? నా కాలు మీద నాను బయల్దేరాల. ఆడి పేనం మీదకి మల్లీ నానే తేవాలా?"

"కాలెండరు మనూరి సూరీడిది కదే. ఈ దేశం సూరీడు వేరు."

ఆ మాటకి ఆమె చూసిన చూపుకి అతను ఇంజను ఆపేశాడు. భయపడ్డ మనిషితో వాదించి గెలిచినా ఉపయోగం లేదని అతనికి తెలుసు. పైగా ఏమన్నా జరిగితే, నువ్వే లాక్కొచ్చావన్న మాట జీవితాంతం మిగిలిపోతుంది.

నాలో రెండొందల అరవై గుర్రాల బలం ఉంది. నిలబడ్డచోటి నుంచి ఆరు సెకన్లలో అరవై మైళ్ల వేగం అందుకోగలను. ఆ ఉదయం గంటన్నర సేపు నిమ్మకాయల మీద నిలబడ్డాను. ఆమె ముందుసీట్లో కూర్చోలేదు, కూర్చుంటే బయల్దేరినట్టవుతుందని మెట్ల మీద విభూతి పొట్లం పట్టుకుని కూర్చుంది. అతను నా చుట్టూ తిరుగుతూ, ఒకసారి టైర్లు చూస్తూ, ఒకసారి గడియారం చూస్తూ గడిపాడు. నాకు హారను ఉందిగానీ నా అంతట నేను మోగించలేను. ఎంత ఏడుపొచ్చిందో మీకు చెప్పలేను.

తర్వాతెప్పుడో నన్ను అద్దెకు తీసుకున్న ఒక పురోహితుడు పక్కనున్నాయనకి చెబుతుంటే విన్నాను. రాహుకాలం ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి లెక్కకట్టాలట. గ్లాస్గోలో జూన్ సూర్యుడు నాలుగున్నరకే వచ్చి రాత్రి పదింటి దాకా ఉంటాడు. ఆ ప్రకారం ఆవేళ చెడ్డగడియ పదకొండు దాటాక మొదలై ఒంటిగంట దాటేదాకా నడిచింది. పదిన్నరకి కదిలి ఉంటే అది తగిలేదే కాదు. పన్నెండింటికి కదిలి సరిగ్గా దాని మధ్యలోకి వెళ్లారు. అది విని నా రేడియేటరులో నీళ్లు చల్లబడిపోయాయి.

పన్నెండూ రెండుకి కదిలాం. మొదటి మలుపులోనే ధనరాజు ఎడమకాలు క్లచ్ కోసం వెతికి బ్రేకుని తొక్కింది. ఇద్దరూ ముందుకు తూలారు. నాలో క్లచ్ ఉండదు. అరకు ఘాటీ అలవాటు ఆ కాలికి అంత తొందరగా పోలేదు. చివరికి ఎడమ బూటు విప్పేసి, కాలు మడిచి సీటు కిందికి తోసేశాడు. ఆ తర్వాత నన్ను అతను నడిపినట్టు ఎవరూ నడపలేదు. కొండదారిలో మలుపు రాకముందే నా బరువు ఎటు ఒరుగుతుందో అతనికి తెలిసేది.

"ఏటీ బండి, సప్పుడే లేదు. ఉందో సచ్చిందో తెలీదం లేదు," అన్నాడు ఒకసారి. కుసుమని నవ్విద్దామని అన్నాడు. ఆమె అప్పటికే అద్దానికి తల ఆనించి నిద్రపోయింది. రాత్రంతా ముసలివాళ్లని ఎత్తి దించిన ఒళ్లు అది.

ఆమె నిద్రలో ఉండగానే ఒక కూడలి దగ్గర అతను వెళ్లాల్సిన దారికి ముందున్న దారిలోకి తిరిగిపోయాడు. నాలో దారి చెప్పే ఆడగొంతు తప్పని చెప్పింది, వెంటనే వెనక్కి తిప్పాడు. ఆరు నిమిషాలు పోయాయి. తర్వాత రోడ్డు సన్నబడింది. ఎదురుగా బండి వస్తే పక్కన జాగా ఉన్నచోట ఆగి దారి ఇవ్వాలి. దారి ఇచ్చిన ప్రతివాడూ ఒక వేలెత్తి నమస్కారం పెడతాడు. ఇతనూ పళ్లు బిగించి వేలెత్తాడు. ముందొక ఇల్లుబండి, వండుకుని పడుకునే గదిని వెనక తగిలించుకున్న కారు, దానిముందు గొర్రెల మంద. ధనరాజు హారను కొట్టాడు. ఆ దేశంలో హారను కొడితే తిట్టినట్టు. ఇల్లుబండి ముసలాయన కిందికి దిగి, ఏం కావాలని మర్యాదగా అడగడానికొచ్చాడు. దాంతో ఇంకో పావుగంట.

అయిదూ ఇరవై మూడుకి రేవు చేరాం. పడవ కళ్లముందే ఉంది. కార్లు ఎక్కే ఇనుపవంతెన పైకి లేచిపోయింది. ఒకతను లావుపాటి తాడు విప్పుతున్నాడు. కుసుమ నేను ఆగకముందే దిగి గేటు దగ్గరికి పరుగెత్తింది. ఆమె దండం పెట్టడం, గేటు మనిషి తల అడ్డంగా ఊపడం నా అద్దంలోంచి చూశాను. మంచివాడే, టోపీ తీసేసి మరీ చెప్పాడు. వంతెన లేచాక దించరు. మళ్లీ పడవ రేపు పొద్దున్నే.

ఆమెను ధనరాజు పట్టుకొచ్చి ముందుసీట్లో కూర్చోబెట్టాడు. ఆస్పత్రికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఏడు దాటాక కలిసింది. అతని ఫోను నాతో కలిసే ఉంది, అందుకని నర్సు గొంతు నా స్పీకర్లలోంచి వచ్చింది. ఎక్కువసేపు ఉండకపోవచ్చు, ఫోను ఆయన చెవి దగ్గర పెడతాను మాట్లాడండి, అంది. నాలో పదహారు స్పీకర్లున్నాయి. డైరెక్టరుగారు వాటిలో పెద్దపెద్ద వాద్యబృందాలు వినేవారు. ఇప్పుడు పదహారింటిలోంచీ ఒక మనిషి ఊపిరి వచ్చింది, కష్టంగా, ఆగి ఆగి.

"సెల్లీ... వచ్చీసినావేటి?"

కుసుమ నా తెరకేసి వంగింది. "వచ్చీసినాను అన్నియ్యా. కిందనే ఉన్నాను. మెట్లెక్కుతున్నాను."

"ఊఁ. నెమ్మదిగా రా. పరిగెట్టకు."

అంతే. ఆ తర్వాత ఊపిరే వినపడింది. ఆమె మెట్లెక్కుతున్నట్టు మాట్లాడుతూనే ఉంది. ఇదిగో వచ్చేశాను, తలుపు తీస్తున్నాను, అమ్మ ఇబూది పంపింది, పెడుతున్నాను, అంటూ నా ముందద్దానికి విభూతి రాసింది. నర్సు మెల్లగా ఫోను అందుకుని, ఇక చాలమ్మా, అంది. అప్పుడు ఏడూ నలభై. నీళ్ల మీద ఎండ ఇంకా తెల్లగా ఉంది.

కుసుమ విభూతి పొట్లం మడిచింది. ఏడవలేదు. "ఆ గంటన్నరా లేకపోతే ఈపాటికి ఆడి పక్కన ఉందును. నానే బావా. నానే ఆడిని ఒంటిగా సంపీసినాను." తలని నా డాష్‌బోర్డుకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. మెత్తటి తోలు వేయించినందుకు ఆ జర్మనీ వాళ్లకి మొదటిసారి మొక్కుకున్నాను.

ధనరాజు ఆమె తలకి చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడన్నాడు. "నువ్వు కాదు. నాను. నువ్వు నిద్దరోయినప్పుడు దారి తప్పినాను. ముప్పావుగంట ఏరే దారిలో ఎల్లిపోనాను. నీకు సెప్పడానికి భయమేసింది. పన్నెండుకి బయల్దేరినా నాలుగున్నర దాటేసరికి అందీవోలం. నీ రాహుకాలం ఏటీ సెయ్యలేదు. ఈ ఎదవే సేసినాడు."

ఆమె అతని మొహంలోకి చూసింది. నిద్రపోయిన మనిషికి దారి తెలియదు, దూరాలూ తెలియవు. నమ్మింది. నమ్మి, అతని చొక్కా పట్టుకుని ఊపేసింది. "నిన్ను నమ్మి పడుకున్నాను కదరా! పన్నెండేళ్లు బండి తోలినావు కదరా!" చేతులు నొప్పెట్టేదాకా కొట్టింది. అతను తల వంచుకుని తిన్నాడు. ఆమె దిగి రేవు గోడ దగ్గరికి వెళ్లిపోయాక, అతను నా తెర మీద వేలితో వెతికాడు. ఆ రోజు ప్రయాణం మొత్తం అక్కడుంది. బయల్దేరింది పన్నెండూ రెండు. ఎన్ని మైళ్లు, ఎక్కడ తిరిగాం, ఎక్కడ ఆగాం, అన్నీ ఉన్నాయి. ఇది తుడిచేయమంటారా, అని తెర అడిగింది. తుడిచేయమని నొక్కాడు.

మర్నాడు పడవలో వెళ్లారు. నేను రేవులోనే ఉన్నాను. నాలుగోనాడు తిరిగొచ్చారు. కుసుమ ముందుతలుపు దాటి వెళ్లి వెనకసీట్లో కూర్చుంది. అతను వెనకతలుపు మూసి, వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. గ్లాస్గో దాకా అయిదు గంటలు, పెద్దమనిషినీ డ్రైవరునీ తీసుకెళ్లినట్టే తీసుకెళ్లాను. అద్దంలో ఆమె కేసి అతను చూసినప్పుడల్లా ఆమె కిటికీలోకి చూసింది. కౌంటరు పిల్ల తాళాలందుకుంటూ కారుతో ఏమైనా ఇబ్బందైందా అని అడిగింది. కుసుమ పక్కనే నిలబడి ఉంది. "కారు మంచిదే. దారి తప్పింది నేను," అన్నాడు.

వాళ్లని మళ్లీ చూడలేదు. ఇప్పుడు నేను పాతినుము దొడ్లో ఉన్నాను. చక్రాలు తీసేశారు, ఈ వారంలో నొక్కేస్తారు. తెర మీద తుడిచింది నా లోపల ఇంకోచోట మిగిలే ఉంది, మెకానిక్కులు అడిగితే బయటకి వస్తుంది. ఎవరూ అడగలేదు. ఆమె కోపం తీరిందో లేదో, ముందుసీట్లోకి వచ్చిందో లేదో నాకు తెలియదు. అతను అన్యాయంగా మోస్తున్నాడని ఆమెకి చెప్పాలని ఎన్నోసార్లు అనిపించింది. చెబితే అతని బరువు దిగుతుంది. అది ఎవరి మీదకి ఎక్కుతుందో ఆలోచించి, నోరు లేనందుకు సంతోషించాను. మీకు చెప్పుకున్నాను. ఎక్కడైనా కుసుమ కనిపిస్తే, అతను దారి తప్పింది ఆరు నిమిషాలేనని మాత్రం అనకండి.